బిడ్డ అని చెబితే పిట్ట అని పడింది

 పొడుగ్గా రాస్తానని మీరు నన్ను తిడతారని తెలుసు. ఈసారి కూడా పొడుగే. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మా ఇంటి అటక మీద నాయన ట్రంకుపెట్టె ఒకటి ఉంది. ఆయన మద్రాసులో చదివేటప్పుడు వాడినది. అందులో ఇనుప తీగకు గుచ్చిన ఉత్తరాల కట్ట ఉంది. మా తాత రాజపాళయం నుంచి కొడుక్కు రాసినవి. అన్నీ అరవంలోనే. మనమంతా ఇంట్లో తెలుగు మాట్లాడి కాగితం మీద అరవం రాసేవాళ్లమే కదా, అందులో వింత లేదు. వింతంతా 1951 నాటి ఒక నీలం ఇన్లాండు ఉత్తరంలో ఉంది. తాత రాతంతా అయిపోయాక, మడతపెట్టి జిగురు అంటించే అంచు మీద పిల్లల చేతిరాతతో ఒక వాక్యం ఉంది. అక్షరాలు అరవం, మాట మాత్రం అరవం కాదు. కూడబలుక్కుని చదివితే ఇలా వచ్చింది: "నా పిట్ట ఎట్లుందో, ఒక్క మారు కండ్లార సూడాల."

ఎవరి పిట్ట? మా ఇంట్లో ఆ రోజుల్లో వేటకుక్క ఉండేదని విన్నాను గాని, పిట్టను పెంచారని ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం నన్ను మన ఊరి చరిత్ర దాకా లాక్కెళ్లింది. అది చెబుదామనే ఈ రాత.

ముందు మన సంగతి తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. హైదరాబాదు, భీమవరం వైపు నుంచి కూడా ఇప్పుడు చదివేవాళ్లు ఉన్నారు. మా ఊరు విరుదునగర్ జిల్లాలో, పడమటి కొండల కింద ఉంది. 1985 దాకా రామనాథపురం జిల్లాలో ఉండేది. ఊరి పేరులోనే రాజులు ఉన్నారు. విజయనగరం కాలంలోనూ, ఆ తర్వాత మధుర నాయకుల కాలంలోనూ తెలుగు కుటుంబాలు దక్షిణానికి దిగి వచ్చాయి. నాయకులు దేశాన్ని 72 పాళెములుగా పంచారని అంటారు. సైన్యంతో వచ్చినవాళ్లు, పొలం కోసం వచ్చినవాళ్లు ఇక్కడే నిలిచిపోయారు. రాజులు పళయపాళయం, పుదుప్పాళయం, సింగరాజకోట, చక్రరాజకోట అని కోటలుగా, పాళెములుగా కుదురుకున్నారు. ఇంటిపేర్లు మాత్రం వదల్లేదు. పూసపాటి అంటే కృష్ణా ప్రాంతపు పూసపాడు. విజయనగరం సంస్థానాన్ని ఏలినవాళ్ల ఇంటిపేరూ అదే. మన ఊరి నుంచి మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన పి.ఎస్. కుమారస్వామి రాజాగారి పేరులో మొదటి అక్షరమూ పూసపాటే.

ఇన్ని వందల ఏళ్లూ మాట నిలిచింది, గోత్రం నిలిచింది, ఇంటిపేరు నిలిచింది. జారిపోయింది లిపి. బడి అరవంలో ఉంది, అంగడి లెక్క అరవంలో ఉంది, పత్రం అరవంలో ఉంది. తెలుగు అక్షరంతో ఇంటికి పని పడలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అన్నం పెట్టిన భాష అది, దాన్ని మనం మనదిగానే చేసుకున్నాం.

దక్షిణాదిలో తెలుగు రాత లేదని మాత్రం అనుకోవద్దు. తంజావూరు, మధుర ఆస్థానాల్లో కావ్యాలు పుట్టాయి. మధురను 1706 నుంచి 1732 దాకా ఏలిన విజయరంగ చొక్కనాథుడు తానే తెలుగులో వచనం రాశాడు. తిరువయ్యారులో త్యాగయ్యగారు తెలుగులో పాడితే శిష్యులు రాసి దాచారు. కాబట్టి సభలో పలికిన తెలుగుకు తాటాకు దొరికింది. వంటింట్లో పలికిన తెలుగుకు దొరకలేదు. ఎవరి కూతురు పురిటికి వచ్చింది, ఎవరి కొడుకు అలిగి వెళ్లాడు అనే మాటల్ని ఎవరు రాస్తారు?

నిజానికి పెరిగిన పిల్లలున్న తల్లిదండ్రుల కథ తెలుగులో గొప్పగా చెప్పిన కావ్యం జరిగింది మనకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే. శ్రీవిల్లిపుత్తూరు. ఆముక్తమాల్యద చదివారా? కృష్ణదేవరాయలు కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఉండగా ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి గోదాదేవి పెళ్లి కథ తెలుగులో రాయమన్నాడని పీఠికలో చెప్పుకున్నాడు. అంటే కథ కృష్ణ ఒడ్డున మొదలై విల్లిపుత్తూరుకు వచ్చింది. మన ఇంటిపేర్లు నడిచి వచ్చిన దారీ అదే. అందులో విష్ణుచిత్తుడు మొదట భక్తుడు, పండితుడు. కూతురు పెరిగి, దిగులు పట్టి, తిండి మానేసరికి ఏమీ తోచని తండ్రి. ఆ విష్ణుచిత్తుడే అరవంలో పెరియాళ్వారు. కూతురిని పంపేసిన తల్లి గొంతుతో ఆయన పాడిన పాశురాలు ఉన్నాయి. ఆడి పూరం తేరుకు మనవాళ్లు ఏటా వెళతారు. ఆ తేరు తాడు పట్టుకున్న ప్రతి తండ్రికీ ఒక కూతురు ఎక్కడో దూరంగా ఉంటుంది.

సరే, ఉత్తరాల దగ్గరికి వద్దాం. ఉత్తరాలకు ముందు మన ఊళ్లో ఇంటి కబురు ఎట్లా నడిచేది? సంబంధాలు చాలామటుకు ఊళ్లోనే, మేనరికాలు మరీ ఎక్కువ. కూతుర్ని ఇస్తే నాలుగు వీధుల అవతలికి ఇచ్చినట్టు. పొద్దున అక్కడ పొయ్యి రాజకుంటే మధ్యాహ్నానికి ఇక్కడ తెలిసేది. మగవాళ్ల కబుర్లు సావడిలో, ఆడవాళ్ల కబుర్లు కోవెల్లో, అప్పడాలు ఒత్తే పంచలో. పెళ్లికి పిలవాలంటే కుంకుమభరిణె పట్టుకుని ఇంటింటికీ పోవాల్సిందే. ఒక ఇల్లు మరిచిపోతే పదేళ్లు మాట ఉండదు. ఆ కాలంలో పెరిగిన పిల్లలున్న తల్లికి 'వాడు ఎట్లున్నాడో' అనే ప్రశ్నే లేదు. వాడు ఎదురుగానే ఉన్నాడు. ఇంకా చెప్పాలంటే ఎక్కువగానే ఎదురుగా ఉన్నాడు.

దూరం వచ్చింది రైలుతో. విరుదునగర్ నుంచి తెన్కాశి వైపు రైలుమార్గం 1927లో తెరిచారు. మన ఊరికి స్టేషను వచ్చింది. పత్తి ఎక్కింది, మామిడిపండ్ల గంపలు ఎక్కాయి, తర్వాత పిల్లలు ఎక్కారు. మరోవైపు 1936లో పి.ఎ.సి. రామసామి రాజాగారు రాజపాళయం మిల్స్ పెట్టడంతో చాలామంది కొడుకులకు ఊళ్లోనే పని దొరికింది. అయినా పెద్ద చదువుకు మద్రాసు పోక తప్పలేదు.

కాగితం అప్పటికే చవక. మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది, ధర పావు అణా. కానీ పోస్టుకార్డు పోస్టుమాను చదువుతాడు, హాస్టలు వాచ్‌మన్ చదువుతాడు. మూసి పంపే ఇన్లాండు ఉత్తరం 1950 అక్టోబరు 2న వచ్చింది. మా నాయన మద్రాసులో చదువుతున్నది సరిగ్గా అప్పుడే. మన కుమారస్వామి రాజాగారు అక్కడ ముఖ్యమంత్రిగా ఉన్న కాలం కూడా. ఆయన 1949 ఏప్రిల్ నుంచి 1952 ఏప్రిల్ దాకా పదవిలో ఉన్నారు.

తాత ఉత్తరాలన్నీ ఒకే అచ్చు. మొదట 'నలం, నలమఱియ ఆవల్'. ఇక్కడ క్షేమం, నీ క్షేమం తెలుసుకోవాలని ఆశ. తర్వాత వాన, పత్తి ధర, తోటలో మామిడి కాపు, ఎవరి పెళ్లి ఏ తేదీన. ఆఖరున పంపిన డబ్బు లెక్క. కట్టంతా చదివినా మా ఇంట్లో ఎవరికీ ఒక్కసారి జలుబు చేసినట్టు లేదు. నిజంగా అంత ఆరోగ్యమైన ఇల్లు లోకంలో ఉంటుందా?

ఆ 1951 ఉత్తరంలోనూ అంతే. అందరూ క్షేమం. అంచు మీద పిట్ట.

2021లో ఆ ఉత్తరం మా మేనత్తకు చూపించాను. అప్పటికి ఆమెకు ఎనభై ఒకటి. కళ్లద్దాలు పెట్టుకుని చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "పిట్ట కాదురా, బిడ్డ. నేనే రాసింది."

అప్పుడు అర్థమైంది. అరవ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం. ట, డ లకూ ఒకటే. అవ్వ 'బిడ్డ' అని చెప్పింది. పదకొండేళ్ల అత్త బళ్లో నేర్చుకున్న అక్షరాలతో అది రాసింది. చదివేవాడికి అది పిట్ట అయింది. అవ్వకు ఏ భాషలోనూ చదువు రాదు. ఆ వారమంతా ఆమె టైఫాయిడ్‌తో మంచం మీద ఉందట. ఇక కొడుకును చూడనేమో అని భయపడింది. తాత మాత్రం 'చదువుకునే వాణ్ని కలత పెట్టకూడదు' అని క్షేమం రాశాడు. ఉత్తరం డబ్బాలో వేసి రమ్మని అత్త చేతికిచ్చాడు. అవ్వ అత్తను పక్కకు పిలిచి, నాయన చూడకుండా ఈ ఒక్క మాట రాయమంది. "అరవంలో రాయనా అంటే, వద్దు, నేను చెప్పినట్టే రాయి అంది" అని అత్త చెప్పింది.

నాయన ఆ వాక్యం చదివి ఏమనుకున్నాడో తెలియదు. ఇంటి మాటే కాబట్టి బిడ్డ అనే అర్థం చేసుకుని ఉంటాడు. అమ్మకు బెంగ పట్టింది అనుకుని ఉంటాడు. పరీక్షలు ముగించుకుని పొంగలికి వచ్చాడు. అప్పటికి అవ్వ లేచి తిరుగుతోంది. జబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. నాయన పోయేదాకా ఆయనకు ఆ విషయం తెలియదని అత్త అంది.

ఇది చదివి తాతను తప్పుపట్టకండి. పిల్లలు దూరంగా ఉన్న తండ్రులందరం చేసేది అదే. నేనూ చేశాను. అది ముందు ముందు చెబుతాను.

ఉత్తరం తర్వాత తంతి. అరవంలోనూ తందియే, తెలుగులోనూ తంతే. ఆ భయానికి భాష తేడా లేదు. తంతి మనిషి సైకిలు వీధిలోకి తిరిగితే ఆడవాళ్లు ముందు ఏడ్చి, తర్వాత కాగితం విప్పించేవాళ్లు. ఇంగ్లీషు తెలిసినవాడు వచ్చి చదివి, 'పాస్ అయ్యాడంట' అంటే అప్పుడు మళ్లీ ఏడ్చేవాళ్లు. తర్వాత ట్రంకు కాల్. మామూలు కాల్ బుక్ చేస్తే పొద్దు గడిచిపోయేది. లైట్నింగ్ కాల్‌కు ఎనిమిదింతల రేటు. అంత డబ్బు పోసి ఎవరు 'బిడ్డా, అన్నం తిన్నావా' అని అడుగుతారు? 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది, మన ఊరు 626117 అయింది. ఉత్తరం తొందరగా చేరేది, చెప్పే మాట మాత్రం మారలేదు.

మన దేశంలో మొదటి ఎస్‌టీడీ లైను 1960లో కాన్పూరు, లక్నోల మధ్య పడింది. మన వీధి చివర పసుపు బోర్డుతో బూత్ రావడానికి చాలా ఏళ్లు పట్టింది. తొంభైల్లో మా తరం పిల్లలు కోయంబత్తూరు, బెంగళూరు, అమెరికా అని వెళ్లడం మొదలయ్యాక రాత్రి పదకొండు దాకా మేలుకోవడం మనకందరికీ అలవాటైంది. పదకొండు దాటితే పావు రేటు. బూత్ బయట బెంచీ మీద నలుగురు తల్లిదండ్రులు, కళ్లన్నీ లోపలి మీటరు మీద. కాని ఒకటి గమనించండి. మొదటిసారి మన ఇంటి కబురు మన మాటలోనే దూరం వెళ్లింది. తాత ఉత్తరంలో చెప్పలేనిది అమ్మ ఫోనులో మూడు నిమిషాల్లో చెప్పేది. చిక్కేమిటంటే ఫోను పెట్టేస్తే మాట పోయింది. ఉత్తరం ఉండిపోయింది, కానీ అందులో మన భాష లేదు. ఫోనులో మన భాష ఉంది, కానీ అది ఉండలేదు.

ఇప్పుడు రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 2013 జూలై 15తో మన దేశంలో తంతి సేవ ముగిసింది. సరిగ్గా తర్వాతి నెల, 2013 ఆగస్టులో, వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపే సౌకర్యం వచ్చింది. పేపరువాళ్లు తంతి గురించి పేజీలు రాశారు. రెండోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మన ఇళ్లకు మాత్రం పెద్ద సంగతి అదే. వందల ఏళ్లకు మొదటిసారి, అక్షరం రాని అవ్వ కూడా, ఎవరి చేతా రాయించుకోకుండా, తన మాటను తన పలుకుబడిలోనే పంపవచ్చు. ఆ మాట అవతల నిలిచి ఉంటుంది. బిడ్డ అంటే బిడ్డే.

మా అమ్మ 2015లో అది నేర్చుకుంది. మనవరాలు నేర్పింది. మైకు బొమ్మ మీద వేలు పెట్టి, ఎదురుగా మనిషి ఉన్నట్టే చేయి ఊపుతూ మాట్లాడేది. పక్కింటి వాళ్ల కుక్క ఈనింది, నాలుగూ తెల్లగా ఉన్నాయి. సప్పట్టై మామిడి ఈ ఏడు కాయలేదు. ఫలానా కోటలో ఫలానా ఇంట్లో పెళ్లికి మాపటేళ ఎలబారినాము, వాన పట్టుకుంది. ఇట్లా రోజూ రెండు మూడు నిమిషాలు.

2016లో నాకు గుండెలో అడ్డు ఉందని మదురైలో స్టెంటు వేశారు. కొడుకు అమెరికాలో కొత్త ఉద్యోగంలో ఉన్నాడు, కూతురు బెంగళూరులో. ఇద్దరికీ నేను అరవంలో మెసేజి కొట్టాను: 'నలం. మదురైకి చిన్న పని మీద వచ్చాను.' తాత ఉత్తరం ఇంకా చదవలేదు నేను అప్పటికి. ఆ మాపటేళే అమ్మ మనవరాలికి గొంతు పంపింది: "మీ నాయన చెప్పలేదు గాని, వాని గుండెకు ఏందో కంబి పెట్టినారు. నేను చెప్పినానని చెప్పొద్దు." తెల్లారేసరికి కూతురు ఆసుపత్రి గది తలుపు దగ్గర ఉంది. రాత్రి బస్సులో వచ్చింది. నేను అమ్మను కోప్పడ్డాను. అమ్మ నవ్వి ఊరుకుంది.

అమ్మ 2019లో పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు నా ఫోను పాడైతే ఒక అంగట్లో బాగుకు ఇచ్చాను. ఫోను బాగైంది. లోపలున్నదంతా పోయింది. అమ్మ గొంతు మొత్తం పోయింది. తప్పు నాదే, దాచుకోవాలని తోచలేదు. కొడుకును అడిగితే, "విని తీసేసేవాణ్ని నాయనా, చోటు చాలక" అన్నాడు. వాణ్ని ఏమీ అనలేదు. కూతురి దగ్గర నలభై మూడు మిగిలాయి.

2020 లాక్‌డౌనులో ఆ నలభై మూడింటినీ కాగితం మీద పెడదామని కూర్చున్నాను. అరవ లిపిలో రాయబోతే అమ్మ మాట అమ్మ మాటలా లేదు. 'గుండె' రాస్తే కుండలా ఉంది. అప్పుడు పెద్ద బాలశిక్ష తెప్పించుకుని అరవై ఒకటో ఏట తెలుగు అక్షరాలు దిద్దాను. నా రాతలో తప్పులుంటే మన్నించమని ఊరికే అడగను నేను, కారణం ఇది. నా కొడుకు హైదరాబాదులో ఏడాది పనిచేసినప్పుడు ఫోనులో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది: "నాయనా, ఊరంతా మన మాటే మాట్లాడతా ఉంది, బస్సు బోర్డు మాత్రం చదవలేకున్నాను."

ఆ నలభై మూడు రాసి ముగించాకే పెట్టె దించి, తాత ఉత్తరాలు చదివి, పిట్టను చూశాను. లేకుంటే నాకు ఆ వాక్యం మీద అంత ఆసక్తి పుట్టేది కాదు.

2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 42 లక్షలకు పైగా ఉన్నారు. ఇందులో ఎంతమంది ఇళ్లలో ఎన్ని పిట్టలున్నాయో! మన చరిత్ర అంటే మనం పాళెము, కోట, మిల్లు, ముఖ్యమంత్రి అని చెబుతాం. అవి చెప్పాల్సినవే. 2005లో మన రాజపాళయం కుక్కకు తపాలాబిళ్ల కూడా వేశారు, గర్వంగా చెబుతాం. కానీ మన ఇళ్లలో క్షేమం అని రాసింది అరవంలో, నిజం చెప్పింది తెలుగులో. మొదటిది పెట్టెల్లో ఉంది. రెండోది ముసలివాళ్ల నోట్లో ఉంది, వాళ్లతోనే పోతోంది.

అందుకే మన సంఘం సభ్యులను అడిగేది చిన్న పని. మీ ఇంట్లో డెబ్భై దాటినవాళ్లు ఉంటే, వచ్చే పండుగకు పిల్లలు వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టి, పది నిమిషాలు వాళ్ల మాట పట్టండి. పాత కథలే చెప్పమని అడగక్కర్లేదు, సిగ్గుపడతారు. 'ఈ వారం ఏం జరిగింది' అని అడగండి చాలు. ఎవరు మాట్లాడారో, ఏ ఏడో, ఎవరి గురించో ఆఖరున మీ గొంతుతో చెప్పండి. రెండు చోట్ల దాచండి. ఒకటి మీ దగ్గర, ఇంకొకటి దూరంగా ఉన్న బిడ్డ దగ్గర.

దూరంగా ఉన్న పిల్లలకు ఒక మాట. నాయన 'నలం' అని కొడితే నమ్మకండి. అవ్వను అడగండి.

మా కూతురికి ఇప్పుడు నాలుగేళ్ల పాప ఉంది. పోయిన వారం నాకు గొంతు పంపింది. బెంగళూరు బడి తెలుగు, కన్నడం, ఇంగ్లీషు అన్నీ కలిసిన మాట. 'తాతా, నీకు బాగుందా' అంది. నేను వేలు పెట్టి, 'బాగుంది బిడ్డా' అనబోయి, ఆగి, మోకాలి నొప్పి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను.